14 మిల్లీమీటర్లు

నేతగాడు: చీర అయిదున్నర మీటర్లు, రవికె గుడ్డ ఇంకో ముప్పావు. నేసి షావుకారు ముందర పెడితే ఆయన మొదట చేసే పని కొలవడం. జానెడు తగ్గితే కూలి కోస్తాడు. నీరుగట్టువారిపల్లెలో నలభై ఏండ్లు నేసినా, ఆ కోతకు ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. కొలత కొలతే గదా. మరి తొంటి కీలు మార్చే ఆపరేషనుకు పోయి వచ్చినాక నా కుడికాలు ఎడమకాలి కంటే 14 మిల్లీమీటర్లు పొడుగైతే మాత్రం అది లెక్కలోకి రాదంటారు. ఎట్లా రాదు సార్?

డాక్టరు: లెక్కలోకి రాదని నేను అనను. తప్పు కింద రాదంటాను. మీకు ఎక్కడ చేశారో, ఎవరు చేశారో అడగను. ఎక్స్‌రే చూశాను. గిన్నె ఉండాల్సిన కోణంలో ఉంది, కాడ ఎముకలో బిగువుగా కూర్చుంది, ఏడాది దాటినా ఎక్కడా వదులు లేదు. ఆ పని నేను చేసి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

నేతగాడు: మీరు పోతారు. నాకు నడుము నొప్పితో పట్టదు.

డాక్టరు: ఆపరేషనుకు ముందు పట్టేదా?

నేతగాడు: లేదు. అది ఒప్పుకుంటా. తొంటి కీలులో బాలుకు రక్తం అందక చచ్చిపోయిందని చెప్పేనాటికే మూడేండ్లుగా మగ్గం గుంటలోకి దిగితే ఎక్కించడానికి ఒక మనిషి కావాల. పక్క తిరిగితే కేక. ఇప్పుడు ఆ నొప్పి లేదు, ఈ మాట ఎవరి ముందరైనా చెప్తా. కానీ ఒక అప్పు తీర్చినారని ఇంకో అప్పు సంగతి అడగకూడదా?

డాక్టరు: అడగండి అన్నా. ముందు ఈ పొడుగు ఎంత, ఎక్కడిది అని విడదీద్దాం. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో ఎంత తేడా అనిపించింది?

నేతగాడు: రెండంగుళాలు. కుడికాలు పెడితే ఇంకొకరి కాలు పెట్టినట్టుండేది.

డాక్టరు: ఇప్పుడు?

నేతగాడు: అంగుళంలో సగం, పైన ఇంకాస్త.

డాక్టరు: మిగతా అంగుళమున్నర ఎటు పోయింది? ఎముక అరగలేదు కదా. బాలు చదునైపోయినప్పుడే మీ కుడికాలు పొట్టిదైంది. దానికి తగ్గట్టు కటి ఒకపక్కకు వాలింది, తొంటి చుట్టూ కండరాలు ఆ వాలులోనే గట్టిపడ్డాయి. ఆపరేషనుతో కాలు తిరిగి తన నిడివికి వచ్చింది, వాలు మాత్రం అలాగే ఉంది. అందుకే పొడుగు ఉన్నదానికంటే చాలా ఎక్కువగా కనిపించింది. మూడు నుంచి ఆరు నెలల్లో కండరాలు సాగి కటి సర్దుకుంటుంది. ఆ లోపల చెప్పుకు ఎత్తు కట్టించమని ఎవరడిగినా నేను తొందరపడను. వాలు అలాగే నిలిచిపోతుందని భయం. కనిపించే పొడుగు వేరు, ఎముకలో ఉన్న పొడుగు వేరు. మీ రెండంగుళాల్లో ఎక్కువ భాగం మొదటి రకం.

నేతగాడు: మిగిలినది రెండో రకం గదా. నేను అడిగేది దాని గురించే. టేపు పెట్టి కొలిచినారు, ఒకసారి 10 అన్నారు, ఒకసారి 18 అన్నారు.

డాక్టరు: టేపు అంతే. నడుము ముందున్న ఎముక మొన నుంచి చీలమండ లోపలి గుబ్బ దాకా లాగుతాం. చర్మం జరుగుతుంది, వేలు జరుగుతుంది. అందుకే పొట్టి కాలి కింద చెక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మనిషి 'ఆఁ, ఇప్పుడు సమంగా ఉంది' అనేదాకా చూస్తాం. మీకు 14 దగ్గర ఆ మాట వచ్చింది. ఎక్స్‌రేలో గీతలు గీసినా అంతే వచ్చింది. పుట్టుకతోనే రెండు కాళ్లూ సరిసమానంగా ఉన్నవాళ్లు అరుదు, తెలుసా? కొలిచి చూస్తే పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతో కొంత తేడా ఉంటుంది, సగటున 5 మిల్లీమీటర్లు.

నేతగాడు: దేవుడిచ్చిన అయిదు వేరు సార్. దానికి అరవై ఏండ్లు అలవాటు పడతా పెరిగినాం. పొద్దున లోపలికి పోయి మధ్యాన్నానికి బయటికొచ్చేలోపల తగిలించుకున్న పద్నాలుగు వేరు.

డాక్టరు: ఆ మాటలో బలం ఉంది. ఆపరేషను తర్వాత కాలు కాస్త పొట్టిదైతే జనం అంతగా పట్టించుకోరు, పొడుగైతేనే బాధపడతారు. పొట్టి వాళ్లకు ముందే అలవాటైపోయి ఉంటుంది. సెంటీమీటరు లోపల ఉంటే చాలామందికి తెలియను కూడా తెలియదు. రెండు సెంటీమీటర్లు దాటితే దాదాపు అందరికీ తెలుస్తుంది. మీరు ఆ మధ్యలో ఇరుక్కున్నారు.

నేతగాడు: ఇరికించినారు.

డాక్టరు: సరే, ఎందుకు ఇరికించారో మీ మగ్గం మాటల్లోనే చెప్తాను. పడుగు వదులుగా ఉంటే ఏమవుతుంది?

నేతగాడు: నాడె పోయే దారి సరిగ్గా తెరుచుకోదు. పోగులు కిందికి జారి చిక్కుపడతాయి.

డాక్టరు: మరీ బిగిస్తే?

నేతగాడు: తెగుతాయి.

డాక్టరు: తొంటి కీలు కూడా అంతే. బాలును గిన్నెలో పట్టి ఉంచేది మేకులు కాదు, చుట్టూ ఉన్న కండరాల బిగువు. ఆ బిగువు చాలకపోతే బాలు గిన్నెలోంచి జారుతుంది. బిగువు తేవడానికి మా చేతిలో ఉన్నవి రెండే: కాడను పక్కకు కాస్త దూరం జరపడం, బాలుకు కాస్త పొడవు మెడ పెట్టడం. పక్కకు జరపడం అందరి ఎముకలోనూ కుదరదు. మెడ పొడవు పెంచితే కాలూ పెరుగుతుంది. బల్ల మీద మీరు నడుముకు మత్తు ఇంజెక్షన్‌తో ఉంటారు, కండరం ఉప్పు నీళ్లలో నానిన తోలులా ఉంటుంది. కాలు పట్టుకుని లాగి చూస్తే బాలు బయటికి వచ్చేట్టు కదులుతుంది. ఇంకో సైజు పెంచుతాం, కదలిక ఆగుతుంది. మత్తు దిగి కండరం తన బిగువుకు వచ్చాక తెలుస్తుంది, ఆ సైజు అక్కర్లేదేమో అని.

నేతగాడు: రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలియదా?

డాక్టరు: మిమ్మల్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉంటారు. కింది కాలు నాలుగు పొరల పచ్చ గుడ్డ కింద ఉంటుంది, వేళ్లతో తడిమి మోకాళ్లు పోల్చాలి. కటి రెండు వేళ్లు వాలినా ఆ పోలిక తప్పుతుంది. కటి ఎముకలో ఒక పిన్ను దించి, అక్కడి నుంచి తొడ ఎముక మీద గుర్తు దాకా ముందూ తర్వాతా కొలిచేవాళ్లున్నారు, నేనూ కొలుస్తాను. తొడను మొదటిసారి ఉంచిన తీరులోనే ఉంచి కొలవాలి, లేకపోతే అదీ అబద్ధం చెప్తుంది. ముందు రోజే ఎక్స్‌రే మీద సైజుల బొమ్మ పెట్టి చూసుకుంటాం. ఎక్స్‌రేలో ఎముక అసలు కంటే 15 నుంచి 20 శాతం పెద్దగా పడుతుంది, లావుపాటి మనిషికి ఇంకాస్త. కంప్యూటరు, రోబో ఉన్నచోట ఈ తప్పులు తగ్గుతాయి. తగ్గుతాయి, పోవు. అవి బెంగళూరులో ఉన్నాయి, దాని బిల్లూ బెంగళూరుదే.

నేతగాడు: అయితే చెప్పండి, పొడుగైతే మంచిది అనుకునే చేస్తారన్నమాట.

డాక్టరు: మంచిదని కాదు. రెండు భయాల్లో చిన్నది అని. కాలు పొడుగైనవాడు నన్ను తిట్టుకుంటూ నడిచి వస్తాడు. కీలు జారినవాడు అంబులెన్సులో వస్తాడు. మొదటి వారాల్లో మనవాళ్లు ఎలా కూర్చుంటారో మీకు తెలుసు. గొంతుకూర్చునే మరుగుదొడ్డి, నేల మీద బాసింపట్టు, కిందపడ్డ చెంబును వంగి తీసుకోవడం. తొడ మడిచి లోపలికి తిప్పితే చాలు, వెనక నుంచి జారుతుంది. రాత్రి రెండు గంటలకు కుప్పం పక్క పల్లెలో జారితే ఆ మనిషి నొప్పితో అరుస్తూ ఆ గతుకుల మీద వాహనంలో రావాలి. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్లీ ఉక్కు బాలు, ప్లాస్టిక్ గిన్నెతో ఈ ఆపరేషనును గట్టి దారిలో పెట్టినప్పుడు, ఆయన రోగులు కుర్చీల మీద కూర్చునేవాళ్లు. ఆ కీలును మనం నేల మీదికి దించాం.

నేతగాడు: ఈ మాట మీరే అన్నారు కాబట్టి నా మాట వినండి. కీలు సంగతికి మనది నేల బతుకు అని గుర్తొచ్చింది. కాలి పొడుగు సంగతి వచ్చేసరికి ఎందుకు గుర్తు రాదు? 'చెప్పుకు ఎత్తు కట్టించుకో, సరిపోతుంది' అని రాసిచ్చినారు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఎడమ చెప్పు కింద రబ్బరు పొర వేయించినా. వీధిలో బాగుంది. ఇంటి గడప దగ్గర విడిచిపెడతా. వంటింట్లో, పెరట్లో, మగ్గం గదిలో నేను చెప్పులు వేసుకోను. ఎవురు వేసుకుంటారు? రోజులో చెప్పు నా కాలికి ఉండేది రెండు గంటలు. మిగతా పొద్దంతా మీ మందు గడప అవతల ఉంటాది, నా నడుము గడప ఇవతల ఉంటాది.

డాక్టరు: మగ్గం మీద?

నేతగాడు: అక్కడ ఇబ్బంది లేదు. గుంటలో కాళ్లు వేలాడతాయి, కింద తొక్కే చెక్కకు తాడు ఒక ముడి సర్దుకున్నా. మగ్గానికి ముడి వెయ్యొచ్చు సార్. నేలకు ఎక్కడ వెయ్యాల? బోయకొండ గంగమ్మకు మొక్కు ఉంది, గుడి మెట్లు చెప్పులేసుకుని ఎక్కమంటారా? అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నోడికి ఏం రాసిస్తారు? బూట్లతో పడకగదిలోకి పోయేవాళ్ల దేశంలో ఆ పొర మందు. ఇక్కడ అది సగం మందు.

డాక్టరు: దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఇంట్లో వేసుకునే విడి జత పెట్టుకోమని చెప్తాను, వింటారని నమ్మకం లేదు. గుడిలో ఎలాగూ కుదరదు.

నేతగాడు: లోపలి బాలు తీసి పొట్టి మెడది పెట్టొచ్చు గదా?

డాక్టరు: పెట్టొచ్చు. బాలు విడిగా వస్తుంది. కానీ మళ్లీ కొయ్యాలి, మళ్లీ చీము పట్టే అవకాశం, పైగా ఇప్పుడున్న బిగువు పోతుంది. నడుము నొప్పి పోగొట్టబోయి కీలు జారే మనిషిని తయారు చేసినట్టవుతుంది. మీ 14కి ఆ పని చెయ్యమంటే నేను చెయ్యను. నరం దెబ్బతిని పాదం వాలిపోయి ఉంటే అప్పుడు వేరే లెక్క.

నేతగాడు: నరం కూడా పోతాదా పొడుగుతో?

డాక్టరు: తొడ వెనక పెద్ద నరం ఉంది, సయాటిక్. అది రబ్బరు కాదు. పోలియోతో పొట్టిదైన కాలును పెంచేటప్పుడు ఎముకను కోసి చుట్టూ రింగులు బిగించి రోజుకు ఒక్క మిల్లీమీటరు చొప్పున జరుపుతారు. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి. రోజుకొక మిల్లీమీటరు అంటే నరం వెంట నడిచి వస్తుంది. మేము ఒక్క గంటలో లాగేస్తాం. నాలుగు సెంటీమీటర్లు దాటొద్దని పాత పుస్తకాలు చెప్పేది అందుకే, దానికంటే తక్కువలో కూడా దెబ్బతిన్నవి ఉన్నాయి. ఇంకో సంగతి, నా ఫిర్యాదే అనుకోండి. తొంటి విరిగితే ముందు పుత్తూరు కట్టుకు పోతారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు. ముంజేయి విరిగితే ఆ కట్టుతో అతుక్కున్నవాళ్లను నేనే చూశాను, కాదనను. కానీ తొంటి మెడ విరిగితే ఏ కట్టూ దాన్ని పట్టలేదు. రెండు నెలలకు నా దగ్గరికి వచ్చేసరికి కాలు పైకి లాక్కుపోయి ఉంటుంది. దాన్ని పూర్తిగా దించితే నరం, దించకపోతే పొట్టి. అప్పుడు నేను పొట్టి కాలునే ఎంచుకుంటాను. వాళ్లు వచ్చి 'డాక్టరు కాలు పొట్టి చేసినాడు' అంటారు.

నేతగాడు: పుత్తూరుకు ఎందుకు పోతారో కూడా ఆలోచించండి. డబ్బు ఒకటే కాదు. ఆడ కట్టు కట్టేటోడు చెయ్యి పట్టుకుని మాట్లాడతా కడతాడు. నొప్పి ఎక్కడ, ఎట్లా పడినావు అని అడుగుతాడు. మీ దగ్గర ఒక కాగితం ఇస్తారు, కొడుకు సంతకం పెడతాడు.

డాక్టరు: ఈ నేల పొట్టి కాళ్లను ఎరగనిది కాదన్నా. క్షయ ఊపిరితిత్తులకే అనుకుంటారు గానీ, అది తొంటి కీలును తినేసి పిల్లల కాళ్లు పొట్టి చేసేది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ ఆసుపత్రి ఉండడం, 1948లో బీసీజీ టీకాను మన దేశంలో మొదట ప్రయత్నించిన చోట్లలో మదనపల్లె ఒకటి కావడం ఉత్తినే జరగలేదు. తర్వాత పోలియో. తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ముందర కాలిపర్లు వేసుకుని నిలబడ్డ పిల్లల వరసలు మీకూ గుర్తుండే ఉంటాయి. 2014లో దేశం పోలియో నుంచి బయటపడింది. వాళ్లకు వచ్చిన తేడా అంగుళాల్లో ఉండేది, బతుకంతా మోసేవాళ్లు. దానిముందు మీ 14...

నేతగాడు: ఆగండి సార్. ఆ పిల్లలకు జబ్బు చేసింది ఆ పని. జబ్బును ఎవురూ సంతకం అడగలేదు. నా కాలు జబ్బుతో పొడుగు కాలేదు, మందుతో అయ్యింది. రెండూ ఒక తక్కెట్లో పెట్టొద్దు. ఇంకొకరి పెద్ద కష్టం చూపించి నా చిన్న కష్టాన్ని లేదనడం మా ఇంట్లో కూడా చేస్తారు, మీరు కూడా చెయ్యొద్దు.

డాక్టరు: సరే. ఆ మాట వెనక్కి తీసుకుంటాను.

నేతగాడు: నేను కోర్టుకు పోతానని కాదు. పొమ్మని చెప్పినోళ్లు ఉండారు.

డాక్టరు: పోవచ్చు కూడా. 1995లో సుప్రీంకోర్టు శాంత కేసులో వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. కానీ 2005లో జేకబ్ మాథ్యూ కేసులో అదే కోర్టు, ఫలితం చెడినంత మాత్రాన నిర్లక్ష్యం కాదంది. మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు ఆ చోట చేసే పని చేశాడా లేదా అన్నది చూడాలి. మీ ఎక్స్‌రేతో మీరు గెలవడం కష్టం. బయట దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, తొంటి మార్పిడి మీద పడే దావాల్లో కాలి పొడుగుది ముందు వరస. దాంతో వాళ్ల డాక్టర్లు ఏం నేర్చుకున్నారో తెలుసా? ముందే కొలిచి రాసిపెట్టుకోవడం.

నేతగాడు: ముందే చెప్పడం నేర్చుకోలేదా?

డాక్టరు: అదీ నేర్చుకున్నారు. మనకూ ఉంది. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, సమ్మతి అంటే ఉత్త సంతకం కాదు, ఏం చేస్తారు, ఏం లాభం, ఏం ప్రమాదం, వేరే దారి ఉందా అన్నవి రోగికి తెలియాలి అని. మా కాగితంలో ఉంటుంది ఆ వరస. ఇంగ్లీషులో, పదకొండో లైనో పన్నెండో లైనో.

నేతగాడు: కుప్పంలో మా బంధువుకు చేసినారు. ఆడ వార్డులో ఒక మంచం మీద తెలుగు, పక్క మంచం మీద అరవం, దాని పక్కన కన్నడం. అరవంలో నొండి అంటారు, కన్నడంలో, మనలో కుంటు. మూడు భాషల్లోనూ ఆ మాట ఉంది. కాగితం మాత్రం మూడింట్లోనూ లేదు.

డాక్టరు: నేను ఒకటి ఒప్పుకోవాలి. నా చేతిలోనూ ఇట్లాంటి పొడుగు వచ్చింది. ఆమె అడిగితే 'అలవాటైపోతుందమ్మా' అన్నాను. నిజంగానే చాలామందికి అలవాటవుతుంది. కానీ ఆ మాట అనేటప్పుడు నేను ఆమె కాలును చూడలేదు, ఎక్స్‌రేను చూశాను. ఎక్స్‌రే బాగుంది కాబట్టి మనిషి బాగుండాలని నా లెక్క. మీతో మాట్లాడేదాకా గడప సంగతి నాకు తట్టలేదు. అయినా ఇంకో పక్క కూడా చూడండి. ఆపరేషనుకు ముందు రోజు, జీవితంలో ఎప్పుడూ ఆసుపత్రి మెట్లెక్కని మనిషికి కీలు జారొచ్చు, చీము పట్టొచ్చు, నరం పోవచ్చు, కాలు పొడుగవచ్చు, రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు అని చదివి వినిపిస్తే, సగం మంది లేచి పుత్తూరు బస్సెక్కుతారు. వాళ్లు ఎక్కాక నేను నిజం చెప్పాననే తృప్తి నాకు, మంచం పట్టిన బతుకు వాళ్లకు.

నేతగాడు: సగం మంది ఎక్కుతారేమో. ఆ సగాన్ని పోనివ్వకుండా చెప్పడం కూడా మీ పనే గదా. నేను చీరలో ఒక చోట పోగు తెగి ముడి పడితే, మడత లోపల పెట్టి దాచను. విప్పి చూపిస్తా. 'ఇక్కడ ముడి ఉంది, కుచ్చిళ్లలో పోతాది, కనపడదు' అంటా. షావుకారు రెండు నిమిషాలు మొహం మాడ్చుకుంటాడు, తీసుకుంటాడు. తనంతట తాను ఆ ముడి చూస్తే మాత్రం ఇంక నా దగ్గర చీర కొనడు.

డాక్టరు: చీర నేసినాక ముడి ఎక్కడుందో మీకు తెలుసు. నేను నెయ్యకముందే ముడి ఎక్కడ పడుతుందో చెప్పాలి.

నేతగాడు: అదీ నిజమే. ... పుంగనూరులో మా వదినకు వచ్చే నెలలో చేయించాల. అరవై రెండేండ్లు, మడి చెక్కలో ఉత్త కాళ్లతో తిరుగుతాది. రెండు పక్కలా తొంటి అరిగిపోయింది, ముందు ఎడమది. మీ దగ్గరికే పిలుచుకొస్తా. ఏం చెప్తారు ఆమెకు?

డాక్టరు: జారడమా, పొడుగా, దేనికి ఎక్కువ భయపడుతుందో అడుగుతాను.

నేతగాడు: 'మీరెట్లా చెప్తే అట్లా సామీ' అంటాది.

డాక్టరు: అందరూ అదే అంటారు. అక్కడే నేను ఇరుక్కుంటాను. వాళ్ల తరఫున ఎంచుకున్నది నేను, నడవాల్సింది వాళ్లు.

నేతగాడు: కాగితం తెలుగులో ఉండాల. మీరు చదివి చెప్పాల, నర్సు కాదు.

డాక్టరు: తెలుగులో రాయిస్తాను, నేనే చదువుతాను. 'కాలు ఇన్ని మిల్లీమీటర్లు తేడా రావచ్చు' అన్న దగ్గర ఎంత రాయమంటారు?

నేతగాడు: మీరు మాట మీద నిలబడేంత.

డాక్టరు: సున్నా అని రాయలేను. 10 అని రాస్తే, 12 వచ్చిన రోజు మీరే ఆమెను వెంటబెట్టుకుని నన్ను కోర్టుకు లాగుతారు.

నేతగాడు: 12 వస్తే లాగను సార్. 12 వచ్చినాక ఆమెను చెక్కల మీద నిలబెట్టకుండా 'నీకట్లా అనిపిస్తా ఉందిలే' అంటే లాగుతా.